ఫోన్‌లో కూర్చున్న పిల్లాడు

ఉదయగిరి,
మృగశిర కార్తె, జూన్ నెల

రేణుకమ్మకు,

మోకాళ్లు తప్ప తక్కినవన్నీ బాగున్న మీ మామ తిరుపాలు రాసే జాబు. పోస్టాఫీసుకు పోయి కవరు అడిగితే అక్కడి పిల్ల నన్ను కోటలోంచి లేచొచ్చిన పాత సిపాయిని చూసినట్టు చూసింది. "ఫోన్ లేదా తాతా?" అంది. "ఉండాది. దాని పక్కన నా కొడుకూ ఉంటాడు" అన్నాను. ఇంట్లో మంచి ఫోను మాధవ్‌దొక్కటే. నీతో నేనేం మాట్లాడినా వాడు పక్కన నిలబడి దానికి తాళింపు వేస్తాడు. జాబుకైతే తాళింపు ఉండదు.

మనవడు శ్రీకృష్ణకు ఆరేళ్లు నిండాయి. మాట రాలేదు. నువ్వు పనిచేసే పిల్లల సెంటరు డాక్టరమ్మ ఆటిజం అని రాసిచ్చిన కాగితాన్ని మాధవ్ పట్టాదారు పాసుపుస్తకంలాగా మడిచి బీరువాలో పెట్టాడు. మాట రాకపోతే పోనీ, మన వంశంలో మాటలు ఎక్కువై చెడినవాళ్లే గానీ తక్కువై చెడినవాళ్లు లేరు. నా భయమంతా వాడి పరుగు గురించి. తలుపు తెరిచి ఉంటే చాలు, లేచి పోతాడు. పిలిస్తే తిరిగి చూడడు. పోయేది ఎప్పుడూ నీళ్లవైపే. పోయిన నెల చేనిబావి దగ్గర కాళ్లు లోపలికి వేలాడేసుకుని, నీళ్లలోకి చూస్తూ నవ్వుతున్నాడు. ఆ బావికి గట్టు లేదని నీకు తెలుసు, నేల అక్కడితో అయిపోతుంది, అంతే. సుకన్య చప్పుడు చేయకుండా వెనకనుంచి పోయి పట్టుకుంది. ఆ రోజు నుంచి నా కోడలు నిద్రలో కూడా పిడికిలి విప్పడం లేదు.

వాణ్ణి మీ సెంటరుకు తీసుకురావడమా, లేకపోతే ఫోన్లో నువ్వు చూసి చెప్పడమా అని ఇంట్లో తగువు. బస్సు సంగతి నీకు తెలీదు. మొన్న అనుమసముద్రంపేట దర్గాకు తీసుకుపోయాం. దర్గాలో పిల్లాడు పెద్దమనిషిలాగా కూర్చున్నాడు. వచ్చేటప్పుడు బస్సులో పెట్టిన కేకలకు కండక్టరు మమ్మల్ని ఆత్మకూరు దాటక ముందే దించేశాడు. అందుకని మాధవ్ ఫోనే అంటున్నాడు. బస్సులకు తిరిగితే జీవాల మేత పాడవుతుందని కూడా అంటున్నాడు, అదీ నిజమే.

నువ్వు చదివినదానివి. నేను బొరుగుల పొట్లాలు విప్పుకుని చదువు నేర్చుకున్నవాణ్ణి, అందుకే నా చదువెప్పుడూ సగం వార్త దగ్గర ఆగిపోతుంది. అయినా ఒక మాట. గొర్రెకు నలతగా ఉందంటే మనం చెవి పట్టుకుని చూస్తాం, మూతి వాసన చూస్తాం. ఫోన్లో వాసన రాదు గదమ్మా?

మీ మామ,
తిరుపాలు

ఆత్మకూరు,
జూన్ ఆఖరు

మామకు రేణుక నమస్కారాలు.

నీ కవరును మా సెంటరులో అందరూ తాకి చూశారు. ఒక పిల్లాడు నాకడానికి కూడా చూశాడు. అది మాకు మామూలే.

అడిగినదానికి సూటిగా చెప్తాను. కొన్ని ఇళ్లలో వీడియో బాగా పనిచేస్తుంది. పిల్లలు వాళ్ల ఇంట్లో, వాళ్ల చాప మీద ఉంటారు. నేర్పేది అమ్మానాన్నలే, నేను తెరలోంచి చెప్తూ ఉంటాను. సంగం దగ్గర ఒక తల్లి అలాగే కూతురికి తన చేత్తో అన్నం తినడం నేర్పింది. కానీ పారిపోయే పిల్లల సంగతి వేరు. వాడు లేవకముందు ఏం జరిగింది, లేచాక ఎవరు ఏం చేశారు, అది చూడాలి నేను. వాడు లేచిన మరుక్షణం తెరలోంచి పోతాడు. ఆ తర్వాత నాకు కనిపించేది గోడ.

అందుకే మొదట్లో కొన్నాళ్లు నేనే ఇంటికి వస్తానని అడిగాను. మా సెంటరు నడిపే నాగేంద్రబాబు గారు ఉదయగిరి వైపు ఊళ్లకు ఇక వీడియోనే అన్నారు. మాధవ్ బావదీ అదే పట్టు. ఇద్దరూ ఒకే మాట మీద ఉంటే నేను తలూపాను. సంతోషంగా ఊపలేదని మాత్రం నీకు చెప్తున్నాను.

ప్రతి మంగళవారం సాయంత్రం చూస్తాను. ముందు చాప మీద కాసేపు కూర్చోవడం నేర్పుదాం. కూర్చోగానే నాలుగు బొరుగులు, ఒక మెచ్చుకోలు. ఏ పని చేసిన వెంటనే ఇష్టమైనది దొరుకుతుందో ఆ పని మళ్లీ చేస్తారు. మా శాస్త్రమంతా పిండితే వచ్చేది ఈ చుక్కే. నువ్వు ఫోను వెనక కూర్చో మామా. నాకు కనబడనిది నువ్వు చూసి రాయి.

రేణుక

ఉదయగిరి,
జూలై నెల

రేణుకమ్మకు,

మొదటి మంగళవారం నీకు కనిపించినవి చాప, గోడ, మాధవ్ మోచెయ్యి. నీకు కనబడనివి రాయమన్నావు గనక రాస్తున్నాను. ఫోనును ఉప్పుజాడీకి ఆనించారు. కిటికీ దగ్గర సగం వీధి ఉంది. టీవీ వాళ్లు వచ్చారని ఎవరో పుకారు పుట్టించారట. నువ్వు "బావా, బొరుగులు చూపించు" అన్నావు, మాధవ్ చూపించాడు, పిల్లాడు బొరుగులు గుప్పిట్లో పట్టుకుని మరీ పరిగెత్తాడు. కూలికి ముందే పైసలిచ్చిన మేస్త్రీలాగా ఉంది మన కథ.

జనం నవ్వారు. కిటికీలోంచి ఒకడు, "ఏందిరా మాధవా, అంత మందను మలుపుతావు, ఒక్క పిల్లోణ్ణి కూర్చోబెట్టలేవా?" అన్నాడు. మాధవ్ నవ్వలేదు. నిన్ను వాడికి ఇవ్వాలని ఒకప్పుడు పెద్దవాళ్లు అనుకోవడం, నువ్వు చదువుకు పోతానని కాదనడం, అదంతా పాత ముచ్చట. కానీ మరదలు తెరలో కూర్చుని తీరిగ్గా "పర్వాలేదు బావా, మళ్లీ చేద్దాం" అంటుంటే వాడి మెడ నరాలు చూశాను నేను. ఆ తర్వాతి మంగళవారమూ అంతే జరిగింది. నువ్వు చూశావు.

ఆ రాత్రి బువ్వ దగ్గర మాధవ్ అన్నాడు: "వచ్చే వారం కూర్చుంటాడు. చూస్తా ఉండు."

"ఎట్టరా?" అన్నాను.

"అది నా పని. నీ జాబుల పని నువ్వు చూసుకో నాయనా."

ఇక నన్ను ఫోను వెనక కూర్చోవద్దన్నాడు. నా దగ్గు నీకు వినబడుతోందట. కాబట్టి ఇకనుంచి మంగళవారాలు నేను బయట అరుగు మీద ఉంటాను. అరుగు మీంచి నాకు కనబడేది తలుపే. అది కూడా మూసిన తలుపు.

తిరుపాలు

ఆత్మకూరు,
శ్రావణ మాసం

మామకు,

నీ దగ్గర నుంచి జాబే లేదు. అలిగావా? అలక తీరే కబురు చెప్తాను. మన కిట్టయ్య కూర్చుంటున్నాడు! సెషను మొత్తం, చాప మీద, కదలకుండా. నేను గీసే గ్రాఫు కొండెక్కినట్టు ఎక్కుతోంది. ప్రతిసారీ "వెరీ గుడ్ బావా, వెరీ గుడ్" అంటున్నాను. బావ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. నాగేంద్రబాబు గారు ఆ రికార్డింగును తల్లిదండ్రుల మీటింగులో వేసి చూపించారు. "ఉదయగిరి కొండల్లో గొర్రెలు కాసే ఇంట్లో వీడియోతో ఇది సాధ్యమైతే ఎక్కడైనా సాధ్యమే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఒక్కటే నలుసు. మొన్న బొరుగులు చాప అవతల పడ్డాయి. వాడికి అవంటే ప్రాణం గదా, వాటివైపు చూశాడు గానీ జరగలేదు. తర్వాత తన కాళ్లవైపు చూసుకున్నాడు. కాళ్లు నాకు తెరలో కనబడవు. ఫోను కాస్త వెనక్కి జరపమంటే సిగ్నల్ పోతుందన్నాడు బావ. అన్నట్టే పోయింది.

గదిలో ఏముందో, వాడు ఎట్లా కూర్చుంటున్నాడో నువ్వు చూసి రాస్తావా?

రేణుక

ఉదయగిరి,
సెప్టెంబరు నెల

రేణుకమ్మకు,

నీ జాబు వచ్చి చాలా రోజులైంది. వానలు లేవు, పెన్నకు నీళ్లు రాలేదు, రాయడానికి ఏముంది అనుకుంటూ గడిపాను. నాకు విషయం లేక కాదు. ఉన్న విషయం చుట్టూ తిరుగుతూ ఉన్నాను, ఎండకాలం కుక్క పడుకోబోయే ముందు తిరిగినట్టు.

మా నాయన కాలంలో ఒక ఎర్రావు ఉండేది. దొంగగొడ్డు. ఎంత మేత వేసినా పరాయి చేలోనే దానికి రుచి. కట్టేస్తే పాలు ఎగ్గొట్టేది, వదిలితే ఊరితో తగువు తెచ్చేది. మా నాయన దాని మెడకు గుదికొయ్య వేలాడదీశాడు. నీకు చెప్పాలా, నువ్వూ ఈ దొడ్డిలోనే పెరిగావు. నడిస్తే కొయ్య ఊగదు, పరిగెత్తితే మోకాళ్లకు తగులుతుంది. కొన్నాళ్లకు ఆవు మంచిదైపోయింది. మా నాయన కొయ్య తీసేశాడు. ఆవు తల దించుకునే నడిచేది, కొయ్య ఉన్నట్టే. ఎదురుగా పక్కవాళ్ల పచ్చి జొన్న ఉన్నా వంగి కొరికేది కాదు. ఊళ్లో అందరూ మా నాయనను మెచ్చుకున్నారు.

ఇప్పటికే నీకు అర్థమై ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలి.

తుమ్మకొయ్య, మూరెడు. పిల్లాడి ఎడమ కాలికి, మడమ పైన. చర్మం ఒరుసుకోకుండా సుకన్య పాత చీర గుడ్డ చుట్టింది. ఆ గుడ్డ కింద ఏముందో నేను చూడలేదు. మంగళవారాలకని మొదలుపెట్టాడు మాధవ్. ఇప్పుడు రోజూ ఉంటోంది. తెరలో నడుము పైనే కనబడుతుందని వాడు మొదటి రోజే కనిపెట్టాడు. "ఇది మోసం గాదంట్రా?" అని అడిగాను. వాడన్నాడు: "మోసమేంది నాయనా? కూర్చోబెట్టమన్నారు, కూర్చున్నాడు. ఎట్ట కూర్చున్నాడని మరదలు అడగలే. వెరీ గుడ్ అనింది."

నేను గట్టిగా అరవలేదు. ఎందుకు అరవలేదో కూడా రాస్తాను. పిల్లాడు బావి దగ్గరికి పోవడం లేదు. సుకన్య పిడికిలి విప్పి నిద్రపోతోంది. బిడ్డ బతికి ఉన్నాడు తల్లీ. బతికి ఉండటం తప్పని మీ శాస్త్రంలో ఎక్కడైనా ఉందా? లేకపోతే నాకెందుకు ఆ ఎర్రావు కలలోకి వస్తోంది?

తిరుపాలు

ఆత్మకూరు,
సెప్టెంబరు, బుధవారం

మామా,

కొయ్య తీసేయండి. బావ ఫోన్లో ఏం చెప్పినా, ఈ జాబు చదవడం ముగించకముందే లేచి వాడి కాలు చూడు, ఉంటే తీసేయండి.

నీ కవరు విప్పగానే బావకు ఫోన్ చేశాను. "ఏం కొయ్య? నువ్వే చూసుకో" అని ఫోను కిందికి తిప్పాడు. పిల్లాడి కాళ్లకు ఏమీ లేదు. చాప మీద అట్లాగే కూర్చుని ఉన్నాడు. "మళ్లీ కట్టొద్దు బావా" అన్నాను. "దాంతో ఇంక పనిలేదులే, పొయ్యిలో పెట్టేసినాను" అన్నాడు. నాకు నీ ఎర్రావు గుర్తొచ్చింది.

ఇష్టమైనది దొరికితే ఆ పని మళ్లీ చేస్తారని నీకు రాశాను. వారం వారం నా మెచ్చుకోలు దొరికింది ఎవరికి? బావకు. ఏ పనికి? కొయ్య కట్టినందుకు. పిల్లాడికి నేనేం నేర్పానో తెలీదు గానీ, వాళ్ల నాయనకు మాత్రం చక్కగా నేర్పాను.

ఉదయగిరికి వీలుపడదని నాగేంద్రబాబు గారు మళ్లీ అన్నారు. శుక్రవారం సెలవు పెట్టి మొదటి బస్సుకు వస్తున్నాను. నేను వచ్చేలోపు ఆ బావి చుట్టూ ముళ్లకంప వేయించు. తలుపుకు పైన, వాడికి అందని ఎత్తులో గొళ్లెం పెట్టించు. ఆ గొళ్లెం సంగతి నేను జూన్‌లోనే చెప్పి ఉండాల్సింది. ఇంటికి వచ్చి తలుపు చూసి ఉంటే చెప్పేదాన్ని.

రేణుక

ఆత్మకూరు,
అక్టోబరు నెల

మామకు,

శుక్రవారం అక్కడ చూసినవి నీ ముందు చెప్పలేక వచ్చేశాను, అందుకే రాస్తున్నాను.

గుడ్డ చుట్టిన చోట నల్లటి వలయం ఉంది. అది మానుతుంది, మందు ఇచ్చి వచ్చాను. మానుతుందో లేదో తెలియనిది వేరే ఉంది. మధ్యాహ్నం నేను కావాలనే నీళ్ల చెంబు చాపకు అవతల, వాడు లేస్తే అందేంత దూరంలో పెట్టాను. వాడి పెదాలు ఎండిపోయాయి. చెంబువైపు చూస్తాడు, కాలివైపు చూసుకుంటాడు, ఊరుకుంటాడు. చివరికి నేనే తాగించాను. కాసేపటికి కూర్చున్నచోటే తడిపేసుకున్నాడు. వాడు తొలినుంచీ బయటికి పోయి వచ్చే పిల్లాడే గదా. సుకన్య అక్క "బుద్ధిగా ఉంటా ఉండాడు గదా రేణుకా" అంటూనే ఏడుపు మొదలుపెట్టింది. సాయంత్రం మంద ఇంటికి వచ్చింది. గొర్రెపిల్లలు గుమ్మంలో తలలు పెట్టి అరిచాయి. వాటి మధ్యకు దూకే పిల్లాడు మెడ మాత్రం తిప్పాడు.

ఇదంతా చాపకు రెండు మూరల దూరంలో జరిగింది. ఇన్ని వారాల నా తెరలో ఇందులో ఒక్క ముక్క లేదు.

సెంటరులో ఉన్నదున్నట్టు చెప్పాను. నాగేంద్రబాబు గారు పెన్ను మూత పెట్టారు. "పిల్లాడు ఇప్పుడు క్షేమంగానే ఉన్నాడు కదా?" అన్నారు. ఆ రికార్డింగును తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారట, నాకు తెలీదు. తీసేయమన్నాను. తీశారు. కానీ చూసినవాళ్లు చూశారు, దాచుకున్నవాళ్లు దాచుకున్నారు.

ఇకనుంచి శుక్రవారాలు నా సెలవుల్లో వస్తాను. ఈలోపు వాణ్ణి చెయ్యి పట్టి లేపొద్దు. ఇష్టమైనది కొంచెం దూరంలో పెట్టుకుని కూర్చో. వేలు కదిలినా చాలు, వెంటనే ఇవ్వు. కూర్చోవడం నేర్పడానికి వచ్చినదాన్ని, ఇప్పుడు లేవడం నేర్పాలి. వాడు తనంతట తను లేచి ఒక్క అడుగు వేస్తే చాలు మామా, ఎటువైపు వేసినా సరే.

రేణుక

ఉదయగిరి,
నవంబరు నెల

రేణుకమ్మకు,

వాడు లేచాడు. సంతోషపడకుండా తక్కినది చదువు.

నిన్న మన దొడ్డి ముందు కారు ఆగింది. సీతారామపురం వైపు భూస్వాములు. వాళ్ల పెద్దలు పొట్టేళ్లు కొనడానికి తప్ప మన గడప దగ్గరికి రాలేదు ఎప్పుడూ, వచ్చినా దొడ్డి బయటే ముక్కు మూసుకుని నిలబడేవాళ్లు. దిగింది వెంకటేష్ అనే కుర్రాడు, భార్య, నాలుగేళ్ల కూతురు. పేరు అశ్విత. దిగీదిగగానే ఆ పిల్ల గొర్రెపిల్లల వెంట పడింది. పిలిస్తే తిరిగి చూడలేదు. చూడగానే నాకు అర్థమైంది, మన ఇంట్లో చూసిన పరుగే.

"తిరుపాలూ, మీ మనవణ్ణి వీడియోలో చూసినాం. ఎట్ట కూర్చోబెట్టినారు?" అన్నాడు వెంకటేష్.

"కూర్చోబెట్టలేదు సామీ, చెడగొట్టుకున్నాం" అన్నాను. కాలి మచ్చ సంగతి, చెంబు సంగతి, అన్నీ చెప్పాను. నా జన్మలో మొదటిసారి కథకు కొమ్మలు లేకుండా చెప్పాను. ఆయన విన్నాడు. విని, "మా యింటి ముందరే రోడ్డు. టిప్పర్లు తిరుగుతా ఉంటాయి. రెండుసార్లు చక్రాల కిందికి పోబోయింది. మా వూరికి యే మేడమ్ వస్తాది? మాకూ ఫోన్లోనే అన్నారు" అన్నాడు. ఆయన గొంతులో మాధవ్ గొంతే వినబడింది.

మాధవ్ ఇంతసేపూ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వెంకటేష్ వాడివైపు తిరిగి, "ఒకసారి చూపించు మాధవా. చూస్తే పోయేదేముంది" అన్నాడు. అంత పెద్దింటివాడు మనవాణ్ణి బతిమాలినట్టు అడగడం ఈ దొడ్డి ఎన్నడూ వినలేదు. మాధవ్ చూరులోకి చెయ్యి పెట్టి కొయ్య తీశాడు. పొయ్యిలో పెట్టేశానని నీకు చెప్పాడు, నాకూ చెప్పాడు. తీసి గచ్చు మీద పెట్టాడు. టక్కుమంది.

లోపల చాప మీద కూర్చున్న పిల్లాడు ఆ చప్పుడు విన్నాడు. లేచాడు.

ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ పిలవలేదు. సుకన్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను మనసులో నిన్ను తలుచుకున్నాను, ఇది నువ్వు చూడాల్సిందే అని. ఎడమ కాలు ఈడుస్తూ వచ్చాడు, బరువు ఉన్నట్టే. నీళ్ల చెంబు దాటాడు. దాని వైపు చూడలేదు. తెరిచిన వీధి తలుపు పక్కనే ఉంది, అటూ చూడలేదు. నేరుగా మాధవ్ దగ్గరికి వచ్చి, కొయ్య పక్కన కూర్చుని, ఎడమ కాలు ముందుకు చాపాడు. చాపి, కట్టే దాకా కాచుకుని ఉన్నాడు.

మాధవ్ చేతిలో ఇంకా పట్టుకుని ఉన్న కొయ్య తాడు వదిలేశాడు. దొడ్డి గోడ దాకా పోయి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ పాప ఒక్కతే గొర్రెపిల్ల వెనక నవ్వుతూ పోతోంది.

అప్పుడు ఆ తల్లి అంది: "అబ్బ, ఎంత బుద్ధిమంతుడో చూడండి."

అంటూనే వంగి, కొయ్య పక్కన తన మోచెయ్యి ఆనించి కొలుచుకుంది. నేను చూస్తుండగానే. "వద్దమ్మా" అన్నాను. "లేదు తాతా, ఊరికే" అంది. కారెక్కి పోయారు.

ఆ పాపకు మీ సెంటరు వాళ్లు ఈ వారమే మొదలుపెడతారట, ఫోన్లో. నీకే ఇచ్చారో, ఇంకొకరికి ఇచ్చారో. నీకైతే మొదట కాళ్లు చూపించమని అడుగుతావు, నాకు తెలుసు. చూపిస్తారు. ఖాళీ కాళ్లు చూపించడం ఎంతసేపు?

ఈ జాబు పోస్టులో వేసి అక్కడి నుంచి అటే సీతారామపురం బస్సెక్కుతున్నాను. వాళ్ల గేటు నాబోటివాణ్ణి లోపలికి రానిస్తుందో లేదో, రానివ్వకపోతే రోడ్డు మీదే కూర్చుంటాను, ఆ పిల్ల ఎటూ అక్కడికే వస్తుంది గదా. నువ్వు ఫోన్ చేయొద్దు తల్లీ. బయల్దేరి రా.

మీ మామ,
తిరుపాలు